పొట్టి వైరు

కుట్టు గది,
ఆస్పత్రి వెనక వీధి

చిన్నోడికి, అక్క దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరిగేవాడికి అక్క ఏ అంతస్తులో ఉంటుందో గుర్తులేదు కాబోలు. నేను ఎప్పటిలా నేల మీదే ఉన్నాను. దిండు గలీబులు, రోగుల చొక్కాలు, మళ్ళీ దిండు గలీబులు. ఈ ఆస్పత్రిలో మనుషులకంటే దిండ్లే ఎక్కువున్నాయని నా అనుమానం.

వార్డు కాపలావాళ్ళ కోట్లకి తెప్పించిన మందపాటి నీలం గుడ్డలో ఒక పెద్ద ముక్క మిగిలింది. సూపరింటెండెంటమ్మను అడిగితే తీసుకోమంది. చలి రాకముందే నీకు కోటు కుడతాను. భుజాల కొలత, చేతుల పొడవు పంపు. కిందటిసారి వచ్చినప్పుడు టేపు పట్టుకుంటే చక్కిలిగింతలని పారిపోయావు. మీసాలొచ్చినా బుద్ధి రాలేదు.

ఈ ఆదివారం చర్చిలో పిల్లలకి ఏదెను తోట పాఠం చెప్పాను. బొమ్మలు వేయమంటే ఒకడు పాముకి బూట్లు తొడిగాడు. బేకరీ వాళ్ళ పాప ఉందే, అది మాత్రం బొమ్మ వేయకుండా నా మొహమే చూస్తూ కూర్చుంది. చివర్లో చెయ్యెత్తి, "దేవుడికి అన్నీ తెలుసు కదా టీచర్, మరి పండు తిని చెట్ల చాటున దాక్కున్న ఆదామును ఎక్కడున్నావని ఎందుకడిగాడు?" అంది. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నాను. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

నిజం చెప్పొద్దూ, ఆ ఆదాము అవ్వల మీద, ఆ ఆలుమగల మీద నాకు మొదటినుంచీ కోపమే. తోటంతా ఇచ్చి ఒక్క చెట్టు పండు వద్దంటే ఆగలేకపోయారా? వాళ్ళ మూలంగా మనందరం పుట్టుకతోనే దోషులమయ్యాం. నేనైతే ఆ చెట్టున్న దిక్కుకే పోయేదాన్ని కాదు. పిల్లలతో కూడా అదే అన్నాను.

కొలతలు మర్చిపోకు.

అక్క


వర్క్‌షాపు మీది గది

అక్కకు,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావని తలుస్తాను.

ఇక్కడ ఒక ప్రమాదం జరిగింది. పేపర్లో చూసి కంగారు పడతావని ముందే రాస్తున్నాను. నేను సర్వీసు చేసే పాత బిల్డింగు ఒకటుంది, గ్రిల్ తలుపుల లిఫ్టుది. అందులో మూడో అంతస్తులో ఉండే నర్సమ్మ డ్యూటీకి బయల్దేరి, తెరిచి ఉన్న తలుపు చూసి లిఫ్టు ఉందనుకుని అడుగు లోపల పెట్టింది. లిఫ్టు అప్పటికే కిందికి దిగిపోయింది. ఆవిడ వెళ్ళి లిఫ్టు కప్పు మీద పడింది. ప్రాణానికి ముప్పు లేదంటున్నారు. తుంటి విరిగింది, చెయ్యి విరిగింది.

తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. మరి ఎలా కదిలిందని విచారణ చేస్తున్నారు. అక్కడి వాచ్‌మన్ తాత ఏదో మార్చి ఉంటాడని అనుకుంటున్నారు. నా తప్పేమీ లేదు. నువ్వు దిగులు పెట్టుకోకు.

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మా మెట్లు చెక్కవి కదా, ఎవరెక్కినా చప్పుడవుతుంది. కింద బూట్ల చప్పుడు వినిపిస్తే ఆ అడుగులు నా తలుపు దాటి వెళ్ళేదాకా ఊపిరి తీసుకోవడం మర్చిపోతున్నాను. పనెక్కువై అలా అవుతోందేమో.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. గుడ్డలో చుట్టి దారంతో కట్టాను. విప్పొద్దు. మీ ఆస్పత్రి చెత్త కాల్చే చోట వేసెయ్యి. ఏమిటని అడక్కు. నీకు దణ్ణం పెడతాను.

చిన్నోడు


కుట్టు గది

చిన్నోడికి,

విప్పాను.

ఒక్క పూట ఆగలేకపోయాను. చెట్టున్న దిక్కుకే పోనన్నదాన్ని, నీ పొట్లం బల్ల మీద పెట్టుకుని కాసేపు కుట్టుపని చేశాను, కాసేపు దాన్ని చూశాను. తర్వాత చూస్తే దారం నా చేతిలో ఉంది. వద్దన్నావు కాబట్టే విప్పానేమో. వద్దనకపోతే నిజంగానే మంటలో వేసేసి ఉండేదాన్ని.

జానెడు ఎర్ర వైరు, రెండు చివర్లా రెండు క్లిప్పులు. ఇంతేనా అనిపించింది. వెంటనే భయమేసింది. ఇంతే అయితే నువ్వు ఇంత దూరం ఎందుకు పంపుతావు? మీ ఊళ్ళో చెత్తకుండీలు లేవా?

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. "నా తప్పేమీ లేదు" అని రాశావు. నేను అడగలేదే, నాన్నా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? అమ్మ పోయినప్పటినుంచీ నీ మొహం చూసి నీ కడుపులో ఏముందో చెప్పేదాన్ని నేను. ఇప్పుడు నీ అక్షరాలు చూసి చెప్తున్నాను, అవి వణుకుతున్నాయి. కొలతలు కూడా పంపలేదు.

ఆ వైరేమిటి? నిజం రాయి. ఎంత పెద్దదైనా రాయి. తెలియకుండా ఉండడం నావల్ల కావడం లేదు.

అక్క


వర్క్‌షాపు మీది గది

అక్కా,

పడేద్దామనే వెళ్ళాను. చెత్తకుండీ దగ్గర ఊడ్చే ఆమె తలెత్తి చూసింది. కాలవ దగ్గరికి వెళ్తే వంతెన మీద ఎవరో నిలబడి ఉన్నారు. వాళ్ళ దారిన వాళ్ళున్నారని తెలుసు. అయినా అందరి కళ్ళూ నా జేబు మీదే ఉన్నట్టు అనిపించింది. ఇంకెవరికి పంపను? చిన్నప్పుడు గ్లాసు పగిలినా ముక్కలు నీకే తెచ్చిచ్చేవాణ్ణి.

చెప్తాను విను. తలుపు దగ్గర ఒక స్విచ్చు ఉంటుంది. తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్టు కదులుతుంది. ఆ స్విచ్చు పాడైందో లేదో చూడాలంటే పైన మెషిన్ గదిలో ఉన్న కరెంటు పెట్టెలో ఒక వైరు తగిలిస్తాం. అది ఉన్నంతసేపూ తలుపు తెరిచున్నా మూసే ఉందని లిఫ్టు నమ్ముతుంది. పని అవగానే వైరు తీసెయ్యాలి. కంపెనీ ఇచ్చే వైరు బారెడు పొడుగుంటుంది. అది తగిలించి ఉంటే పెట్టె మూత పడదు. మనిషి మర్చిపోతాడని తెలిసే అంత పొడుగు పెట్టారు.

నేను చేరిన రోజున మా మేస్త్రి పనిముట్ల పెట్టె నా చేతిలో పెట్టి, "ఇందులోవన్నీ నీవే. ఎలా కావాలంటే అలా వాడుకో. ఈ ఎర్ర వైరును మాత్రం కత్తిరించకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా దగ్గర ఒక పాత మెకానిక్ ఉన్నాడు. ఏదడిగినా ఏం కాదులే అంటాడని అందరూ అతన్ని ఏంకాదులే అనే పిలుస్తాం. పొడుగు వైరు చేతులకి చుట్టుకుంటోందని నేను విసుక్కుంటుంటే తన జేబులోంచి జానెడు వైరు తీసి చూపించాడు. "కత్తిరించుకో, ఏం కాదులే. మేస్త్రి ఎందుకొద్దంటాడో తెలుసా? ఇది చేతిలో ఉంటే నీ పనీ తన పనంత చురుగ్గా అవుతుంది. అది ఆయనకి తెలుసు" అన్నాడు.

కత్తిరించాను. నిజంగానే పని సులువైంది. హాయిగా ఉండేది అక్కా, అదే నా ఖర్మ.

ఆ రోజు ఆ బిల్డింగులో స్విచ్చు శుభ్రం చేసి, ఇంకో చోటునుంచి పిలుపొస్తే మూత వేసి వెళ్ళిపోయాను. మూత హాయిగా పడింది. పొడుగు వైరైతే పడేది కాదు.

కబురు తెలిసి పరిగెత్తాను. అందరూ నర్సమ్మ చుట్టూ ఉన్నారు. నేను ఆమె దగ్గరికి వెళ్ళలేదు. మెట్లెక్కి పైకి వెళ్ళాను. ఆవిడ మూలుగు పైదాకా వినిపిస్తూనే ఉంది. పెట్టె తెరిచి, వైరు పీకి, జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షిస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. మెషిన్ గది తాళం ఎవరి దగ్గరుంటుందని నన్నడిగాడు. వాచ్‌మన్ దగ్గరుంటుందని చెప్పాను. అది నిజమే. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కానీ ఆ మాట తర్వాత అందరూ తాత వైపు తిరిగారు.

మేస్త్రి కారణం చెప్పి ఉంటే కత్తిరించేవాణ్ణి కాదు. ఏంకాదులే చూపించకపోతే నాకా ఆలోచనే వచ్చేది కాదు. ఎటు తిప్పి చూసినా మొదలుపెట్టింది నేను కాదు. అయినా నాకు చచ్చేంత భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?

చిన్నోడు


కుట్టు గది

చిన్నోడికి,

నువ్వు రాసిన ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. నావి కూడా చదివి కాల్చెయ్యి.

నోరు విప్పకు. ఎవరు ఏమడిగినా అడిగినంతే చెప్పు. నువ్వు జైలుకి వెళ్తే ఆ నర్సమ్మ తుంటి అతుక్కోదు. ఆ ముసలాయన్ని మహా అయితే ఉద్యోగంలోంచి తీసేస్తారు, ఈ వయసులో ఎలాగూ మానేసేవాడే. నీకు ముందంతా బతుకుంది. నిన్ను పెంచడానికి నేను ఎన్ని వదులుకున్నానో నీకు తెలుసు. ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఇప్పుడు ఎత్తుతున్నాను.

వైరు మంటలో వేయడానికి తీసుకెళ్ళాను. కాల్చే మనిషి అక్కడే ఉన్నాడు, ఏమిటమ్మా అది అన్నాడు. ఏమీ లేదని వెనక్కి వచ్చేశాను. ఇప్పుడది నా గుండీల డబ్బాలో, అడుగున ఉంది. దాని గురించి మర్చిపో.

నేనున్నాను కదా. తిను, పడుకో. కొలతలు పంపు.

అక్క


వర్క్‌షాపు మీది గది

అక్కకు,

నీ మాట విన్నాక కాస్త తిండి సయించింది. భుజాలు, చేతులు, ఛాతీ అన్నీ మా గది పక్కన దర్జీ చేత కొలిపించి వెనకవైపు రాశాను. చక్కిలిగింతలు పెట్టలేదు. అవి కూడా పోయినట్టున్నాయి.

ఒక సంగతి చెప్తే నీకు మనసు తేలికపడుతుంది. పొట్టి వైరు నా ఒక్కడిదే కాదు. ప్రమాదం కబురు తెలిసిన రోజు వర్క్‌షాపులో అందరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చుని ఎవరి పెట్టె వాళ్ళు సర్దుకున్నాం. ఒక్కొక్కరి దగ్గరినుంచీ ఒక్కో జానెడు ముక్క బయటికొచ్చి పాత ఇనుము డబ్బాలో పడింది. మేస్త్రి కూడా తన పెట్టె అడుగునుంచి ఒకటి తీశాడు. దాని రంగు వెలిసిపోయి ఉంది, ఎన్నేళ్ళనాటిదో. కాబట్టి ఇది నేను తెచ్చిన జబ్బు కాదు. నేను చేరేసరికే ఉంది.

విచారణ కూడా ముగింపుకి వచ్చింది. తాత నిన్న నన్ను పిలిచి తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆయన కింద మెట్టు మీద కూర్చున్నాడు. "నేనే ఏదో చేసుంటాను బాబూ. దుమ్ము దులపడానికని ఓసారి పైకెళ్ళాను. చెయ్యి ఎక్కడ తగిలిందో ఏమో. ముసలి చేతులు కదా" అన్నాడు. ఆ పెట్టె లోపల ఎలా ఉంటుందో చూపిస్తే ఏం తాకాడో గుర్తు తెచ్చుకుంటానని బతిమాలాడు.

పైకి తీసుకెళ్ళి చూపించాను. ఇక్కడ తగిలి ఉంటుందా అని అడిగాడు. అయ్యుండొచ్చు అన్నాను. ఆయన తలూపి, మర్చిపోకుండా రెండుసార్లు ఆ చోటు వేలితో చూపించుకున్నాడు. వచ్చే వారం ఇన్‌స్పెక్టరు ఆఫీసులో అదే చెప్తాడట. అంతటితో అయిపోతుంది. నేను కూడా రావాలి, సాక్షిగా.

ఇదంతా అయ్యాక ఒకసారి వచ్చి నీ దగ్గర ఉంటాను. బూట్ల చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తోంది. ఎవరూ ఎక్కనప్పుడు కూడా.

చిన్నోడు


కుట్టు గది

నాన్నా చిన్నోడా,

నీ ఉత్తరం చదివి నా మనసు తేలికపడలేదు.

నాకేం జరుగుతోందో నీకు రాయలేదు. రాస్తే నువ్వు భయపడతావని దాచాను. ఎవరైనా తలుపు కొడితే నా కళ్ళు గుండీల డబ్బా మీదికి పోతున్నాయి. గుండీ కావాలంటే ఆ డబ్బా తెరవలేక దుకాణంలో కొత్తవి కొంటున్నాను. మొన్న పాస్టరుగారు పలకరిద్దామని వచ్చారు. వరండాలో ఆయన గొంతు వినగానే నేను ఉతికిన దుప్పట్ల బీరువా వెనక దాక్కున్నాను. ఈ వయసులో, ఊపిరి బిగబట్టుకుని, చీరకుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని. ఆయన నా కుర్చీని, సగం కుట్టిన చొక్కాని చూసి, రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయారు. ఆ బీరువా వెనక నిలబడే నాకు తెలిసింది, నేను పిల్లలకి ఇన్నేళ్ళూ చెప్పిన పాఠం ఎవరి గురించో. వాళ్ళిద్దరి మీద కోపం పోయింది. భయం మాత్రమే మిగిలింది.

ఆదివారాలు తలనొప్పని తప్పించుకుంటూ వచ్చాను. మొన్న ఇక తప్పక వెళ్ళాను. బేకరీ పాప ఆ ప్రశ్న మర్చిపోలేదు. జవాబు కూడా అదే చెప్పింది. "మా అమ్మ కూడా అలాగే అడుగుతుంది టీచర్. నేను మంచం కింద దాక్కుంటే నా కాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. అయినా ఎక్కడున్నావే అంటుంది. నేనే బయటికి రావాలని" అంది. పిల్లలందరూ నవ్వారు.

అందరి దగ్గరా పొట్టి వైరు ఉందని రాశావు. నిజమే. నా దగ్గరా ఉంది. నువ్వు ఏంకాదులే మాట విన్నావు, మరి నీకు ఏంకాదులే అయింది నేనే. నీ తప్పు మర్చిపోయి చేసింది. నేను చెప్పింది తెలిసి చెప్పాను, ఒక ముసలాయన బతుకు తీసి పక్కన పెట్టి చెప్పాను. అందరికీ ఉన్న జబ్బని ఎవరూ మందు మింగడం మానేయరు కదా.

మేస్త్రి కారణం చెప్పలేదన్నావు, ఏంకాదులే చూపించాడన్నావు, తాళం వాచ్‌మన్ దగ్గరుందన్నావు. తోటలో ఆదాము కూడా అబద్ధమాడలేదు చిన్నోడా. దేవుడితో, నువ్విచ్చిన ఆడది ఇస్తే తిన్నానన్నాడు. ప్రతి మాటా నిజమే. ఆ నిజాల చాటునే దాక్కున్నాడు. నువ్వైతే ఇంకా ముందుకెళ్ళావు. చెయ్యని తప్పును ఒక మనిషికి నేర్పించావు. ఆయన దాన్ని బడిపిల్లాడిలా బట్టీ పడుతున్నాడు.

నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు పెంచిన రుణం గుర్తుచేశాను, అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. వైరు దాచింది నేనని, నిన్ను నోరు మూసుకోమన్నది నేనని ఇన్‌స్పెక్టరుకి విడిగా రాసి ఇవాళే పోస్టు చేశాను. నువ్వేం చెప్తావో నీ ఇష్టం. చెప్తే ఏమవుతుందో నాకు తెలియదు. నీ ఉద్యోగం పోవచ్చు, నిన్ను తీసుకెళ్ళిపోవచ్చు. తీసుకెళ్తే ఎలా బతకాలో కూడా నాకు తెలియదు. నాకు ధైర్యం రాలేదురా. భయం అలాగే ఉంది. భయంతోనే రాస్తున్నాను.

కోటు పూర్తయింది, పంపుతున్నాను. ఒక సంగతి చెప్పనా. ఆ ఇద్దరినీ తోటలోంచి బయటికి పంపేసే ముందు దేవుడు వాళ్ళకి బట్టలు చేసి తొడిగాడు. ఇన్నేళ్ళు కుట్టుపని చేస్తూ, ఇన్నేళ్ళు ఆ పాఠం చెప్తూ, ఆ మాట దగ్గర నేను ఒక్కసారీ ఆగలేదు. వాళ్ళని పంపకుండా ఉండలేదు. చలికి వదిలెయ్యనూ లేదు.

అస్తరు రెండు మడతలు వేశాను. లోపలి జేబు లోతుగా కుట్టాను. వైరు అందులో ఉంది.

అక్క


ఇన్‌స్పెక్టరు ఆఫీసు వరండా

అక్కా,

బెంచీ మీద కూర్చుని మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

కోటు సరిపోయింది. చేతులు వేలి కణుపులదాకా వస్తున్నాయి. దర్జీ తప్పు కొలిచాడో, నువ్వు కావాలనే పొడుగు పెట్టావో. పొద్దున వేసుకుని జేబులో చెయ్యి పెట్టగానే క్లిప్పు గుచ్చుకుంది. ఇందాకటినుంచీ చెయ్యి అక్కడే ఉంది. నా ఒళ్ళు వణుకుతోంది, కోటు ఉన్నా వణుకుతోంది. గేటు వైపు ఎన్నిసార్లు చూశానో. వెళ్ళిపోతే ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

తాత నా పక్కనే కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టుకి నీళ్ళు రాసి దువ్వుకుని వచ్చాడు. కాసేపటి క్రితం నా చెవి దగ్గరికి వంగి, "ఏం తాకానో ఇంకోసారి చెప్పు బాబూ. లోపలికెళ్ళాక మర్చిపోతానేమో" అన్నాడు.

నువ్వేమీ తాకలేదు తాతా, అన్నాను. వైరు తీసి చూపించి మొత్తం చెప్పాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన ఆ వైరు వైపు చూశాడు. తర్వాత తన చేతులు రెండూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. లేచి బెంచీకి ఆ చివర వెళ్ళి కూర్చున్నాడు. ఇంతవరకూ నా వైపు తిరగలేదు. మా మధ్య ఖాళీగా ఉన్న ఆ చోటు చూస్తుంటే లోపల ఉన్న ఇన్‌స్పెక్టరు కంటే ఎక్కువ భయమేస్తోంది. అది ఎప్పటికి నిండుతుందో, నిండుతుందో లేదో తెలియదు. నర్సమ్మ దగ్గరికి కూడా వెళ్ళాలి. వెళ్ళనిస్తే.

నీ ఉత్తరం వాళ్ళకి అందినట్టుంది, తలుపు సందులోంచి బల్ల మీద నీ చేతిరాత చూశాను. నువ్వు నాకంటే ముందే బయటికొచ్చేశావు.

లోపల బూట్ల చప్పుడవుతోంది. ఈసారి నిజం చప్పుడే. తలుపు దగ్గరికొచ్చి ఆగింది. ఎవరో అడుగుతున్నారు, ఆ లిఫ్టు మెకానిక్ ఎక్కడున్నాడని. నేను వాళ్ళకి ఎదురుగానే కూర్చుని ఉన్నాను, కనబడుతూనే ఉన్నాను. అయినా అడుగుతున్నారు.

ఈ కాగితం మడిచి బంట్రోతు చేతికిచ్చి లేస్తున్నాను అక్కా. ఇక్కడే ఉన్నానని చెప్పాలి.

చిన్నోడు